‘ఏమీ అనుకోవద్దు’ అన్న మాస్టారికి ఏం జవాబివ్వాలి?

ప్రశ్న: నాకు 26 ఏళ్ళు. కాకినాడలో ఇళ్ళ పైకప్పుల మీద సోలార్ ప్యానెళ్ళు అమర్చే చిన్న సంస్థలో 14 నెలలుగా అమ్మకాలు చూస్తున్నాను. సామర్లకోటలో ఒక మాస్టారు ఉన్నారు. లెక్కల ఉపాధ్యాయుడిగా చేరి హెడ్మాస్టరుగా పదవీ విరమణ చేశారు. ఇంట్లో ఆయన, భార్య ఇద్దరే. నెలకు సగటున 170 యూనిట్లు కాలుతాయి. మే నెల నుంచి నాలుగుసార్లు వెళ్ళాను, మేడ ఎక్కి కొలతలు తీసి నీడ పడే చోట్లు గీసుకున్నాను, ఇంటి పైకప్పు సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ గురించి విడమరిచి చెప్పాను, కరెంటు బిల్లు, ఆధార్, బ్యాంకు చెక్కు కాపీలు కూడా తీసుకున్నాను. 3 కిలోవాట్లకు 1,95,000 రూపాయల కొటేషన్ ఇచ్చాను. సబ్సిడీ పూర్తిగా వస్తుంది కాబట్టి అందరికీ 3 కిలోవాట్లే చెప్పమంటారు మా మేనేజరు గారు. పోయిన వారం మాస్టారు వాట్సాప్‌లో ఇలా రాశారు: ‘బాబూ, మేము వేరేవారి దగ్గర 1,40,000కు మాట్లాడుకున్నాం. నీకు చాలా శ్రమ ఇచ్చాం. ఏమీ అనుకోవద్దు.’ ఆ రాత్రి ఉక్రోషం పట్టలేక, ‘సార్, తక్కువ ధరకు ఆశపడి నాసిరకం సరుకు కొంటున్నారు. రేపు తేడా వస్తే మమ్మల్ని అడగవద్దు’ అని పంపాను. చదివారు, జవాబు లేదు. మేనేజరు గారేమో పది వేలు తగ్గిస్తామని చెప్పు, రోజు విడిచి రోజు ఫోన్ చెయ్యి అంటున్నారు. ఏం చేయాలి? అసలు ఎవరైనా వద్దన్నప్పుడు ఎలా జవాబివ్వాలి?

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ మీద జాలి కలిగింది. రెండోసారి కాగితం, పెన్సిలు తీసుకున్నాను. ఆ లెక్క సంగతి కాసేపాగి చెబుతాను. ముందు, మీరు కోపగించుకున్న మనిషి మీకు చేసిన మేలు గురించి మాట్లాడుకోవాలి.

మన వైపు ఏ సరుకు అమ్మేవాళ్ళకైనా ‘వద్దు’ అనే మాట నేరుగా వినపడటం అరుదు. ‘చూద్దాంలెండి’ అంటారు. ‘ఇంట్లో అడిగి చెబుతాను’ అంటారు. ‘ఆషాఢం వెళ్ళనివ్వండి’, ‘మా అబ్బాయి బెంగళూరు నుంచి వచ్చాక కూర్చుందాం’ అంటారు. ఆషాఢం వెళ్ళిపోతుంది, అబ్బాయి వచ్చి వెళ్ళిపోతాడు, మీరు మాత్రం ఆ పేరును డైరీలో ఒక నెల నుంచి ఇంకో నెలకు ఎత్తి రాసుకుంటూనే ఉంటారు. ఎదుటివాడి ముఖం చిన్నబోకూడదన్న మర్యాదతోనే అలా అంటారు కానీ, ఆ మర్యాదకు అయ్యే పెట్రోలు ఖర్చు మీది. మాస్టారు అలా చేయలేదు. వేరేచోట మాట్లాడుకున్నామన్నారు, ఎంతకో చెప్పారు, మీ శ్రమను గుర్తించారు, పైగా ఏమీ అనుకోవద్దన్నారు. ఇన్ని చెప్పవలసిన పని ఆయనకు లేదు. ఫోన్ ఎత్తకుండా ఊరుకుంటే సరిపోయేది. 14 నెలల్లో ఇంత శుభ్రంగా కాదన్నవాళ్ళు మీకు ఎంతమంది తగిలారో వేళ్ళ మీద లెక్కపెట్టి చూడండి.

ఇంకో సంగతి. ‘వద్దు’ అన్నవన్నీ ఒకటి కావు. చీరల దుకాణంలో లేచి చెప్పులు వేసుకుంటూ అనే ‘వద్దు’ ఉంది. ఆ మనిషి కాళ్ళు వీధి వైపు నడుస్తున్నా చెవులు దుకాణంలోనే ఉంటాయి, వెనక్కి పిలవాలనే ఆశ. అది బేరం. దానికి జవాబు బేరమే. ‘ఇప్పుడు కుదరదు’ అన్నదాంట్లో అడ్డుపడుతున్నది డబ్బో, కాలమో, ఇంట్లో పెళ్ళో అయి ఉంటుంది, మీ సరుకు కాదు. ఇక ‘వేరేచోట మాట్లాడుకున్నాం’ అన్న మాట పూర్తయిన నిర్ణయం. దానికి బేరంతో జవాబిస్తే ఆయన మాటను మీరు వినలేదని అర్థం. మీ మేనేజరు గారి పది వేల సలహా నాకు నచ్చనిది ఇక్కడే. ఇప్పుడు పది వేలు తగ్గిస్తానంటే మాస్టారికి మొదట తట్టే ఆలోచన ఏమిటో ఊహించండి: ‘అయితే ఇన్నాళ్ళూ నా దగ్గర ఆ పది వేలు అదనంగా గుంజుదామనుకున్నారన్నమాట.’ తగ్గించగలిగిన ధరను ఆయన అడిగినప్పుడే చెప్పాలి. ఆయన వెళ్ళిపోయాక తగ్గిస్తే, అంతకుముందు చెప్పిన ధరలన్నీ అబద్ధాలైపోతాయి.

మిమ్మల్ని మందలించే అర్హత నాకు ఎక్కడిదంటే, నేనూ ఇలాంటి పనే చేశాను, అదీ ఇంకాస్త ఘోరంగా. 1990ల చివర్లో గుంటూరు మిర్చి యార్డులో ఎలక్ట్రానిక్ కాటాలు అమ్మేవాణ్ణి. కమిషన్ దుకాణాలవాళ్ళు అప్పటికి చాలామంది పాత కాటాల మీదే టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తూచేవారు. ఒక పెద్దాయన దుకాణానికి నెల రోజుల్లో ఐదారుసార్లు తిరిగాను. చివరికి ఆయన ‘ధర ఎక్కువగా ఉంది బాబూ, ఇప్పుడు వద్దులే’ అన్నారు. నేను ఊరుకోలేదు. ‘రైతుకు సరిగ్గా తూగితే మీకు నష్టమనా?’ అని అడిగాను. తెలివైన మాట అన్నాననుకున్నాను. అక్కడే బల్ల మీద ఇద్దరు రైతులు కూర్చుని ఉన్నారు. ముఠా కార్మికులు మోస్తున్న బస్తా దించి నా వైపు చూశారు. పెద్దాయన గొంతు పెంచలేదు. గుమాస్తాను పిలిచి, ‘ఈయనకు మజ్జిగ ఇచ్చి పంపించు’ అన్నారు.

ఆ మజ్జిగ తాగాను కూడా. ఆ వరుసలో ఏ దుకాణమూ రెండు సీజన్లు నన్ను లోపలికి రానివ్వలేదు.

అసలు విషయం తర్వాత అదే గుమాస్తా చెప్పాడు, బస్టాండు దగ్గర కనిపించి. ఆయన భయం ధర గురించి కాదట. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డు సరుకుతో నిండిపోయి ఉంటుంది. ఆ రోజుల్లో కరెంటు పోతే కాటా ఆగిపోతుందేమో, పాడైతే విజయవాడ నుంచి మనిషి వచ్చేలోపు లారీలు వరుసకట్టి నిలబడతాయేమో అన్నది ఆయన బెంగ. బ్యాటరీతో నడిచే కాటా బొమ్మ ఉన్న కాగితం ఆ రోజు నా సంచీలోనే ఉంది! ‘ధర ఎక్కువ’ అన్నది మనవాళ్ళు మర్యాద కోసం వాడే మాట. అసలు కారణం దాని వెనక ఎక్కడో కూర్చుని ఉంటుంది. ఆయన్ను అవమానించకుండా దణ్ణం పెట్టి వచ్చేసి ఉంటే, అది గుమాస్తా నోటి నుంచి కాక ఆయన నోటి నుంచే ఏదో ఒక రోజు వినేవాణ్ణి.

ఇక లెక్క. మీరు రాసిన అంకెలే తీసుకుంటున్నాను.

మాస్టారింట్లో నెలకు 170 యూనిట్లు. మన ప్రాంతపు ఎండకు ఒక కిలోవాటు ప్యానెళ్ళు రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తాయని మీరే అందరికీ చెబుతూ ఉంటారు. అంటే 2 కిలోవాట్లకు నెలకు 240 యూనిట్లు, 3 కిలోవాట్లకు 360. వేసవిలో ఏసీ కాస్త ఎక్కువ నడిచినా ఇద్దరు మనుషుల ఇంటికి 2 కిలోవాట్లు సరిపోతాయి. నెలకు 150 నుంచి 300 యూనిట్లు వాడే ఇంటికి 2 నుంచి 3 కిలోవాట్లు తగినవని సూర్యఘర్ పథకం పట్టికలోనే ఉంది. మాస్టారు ఆ వరుసలో కింది కొసకు దగ్గరగా ఉన్నారు. సబ్సిడీ 2 కిలోవాట్ల దాకా కిలోవాటుకు 30,000 చొప్పున 60,000, మూడోదానికి 18,000 కలిపి మొత్తం 78,000. అక్కడితో ఆగిపోతుంది. ‘సబ్సిడీ పూర్తిగా వస్తుంది’ అని మీ మేనేజరు గారు చెప్పించేది ఈ 78,000 గురించే. నిజమే, వస్తుంది. కానీ ఆ చివరి 18,000 కోసం ఇంటివాళ్ళు తమ జేబులోంచి ఎంత పెట్టాలో ఆయన చెప్పమన్నట్టు లేదు.

మీ కొటేషన్ 1,95,000. సబ్సిడీ తీసేస్తే మాస్టారు పెట్టవలసింది 1,17,000. అవతలివాళ్ళు చెప్పింది 1,40,000. అది 2 కిలోవాట్లకేనని నా అనుమానం. అలాగైతే సబ్సిడీ పోను 80,000. మాస్టారికి మిగిలింది 37,000 రూపాయలు. ఇప్పుడు కిలోవాటుకు ఎంత పడిందో చూడండి. మీది 65,000. వాళ్ళది 70,000. నా అనుమానం నిజమైతే ఆయన తక్కువ ధరకు ఆశపడలేదు. కిలోవాటు లెక్కన మీకంటే ఎక్కువే ఇచ్చి, తనకు కావలసినంతే కొనుక్కున్నారు. జీవితమంతా పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషికి, అవసరానికి రెట్టింపు ఉత్పత్తి చేసే సరుకును నాలుగుసార్లు వెళ్ళి వివరించారు మీరు. మిగులు యూనిట్లు గ్రిడ్‌కు పోతాయి నిజమే, కానీ వాటికి కట్టే ధర మనం కొనే కరెంటు ధరలా ఉండదు, అది మాస్టారికి తెలియకుండా ఉంటుందా?

అనుమానం అన్నాను కాబట్టి తప్పు కూడా కావచ్చు. అవతలివాళ్ళది 3 కిలోవాట్లే అయి, నిజంగానే చౌకగా ఇస్తూ ఉండవచ్చు. అప్పుడైనా ‘నాసిరకం’ అన్న మాట నిలబడదు. ఈ పథకంలో సబ్సిడీ రావాలంటే నమోదైన సంస్థే అమర్చాలి, మన దేశంలో తయారైన ప్యానెళ్ళే వాడాలి, డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, మనిషి వచ్చి చూసి, గ్రిడ్‌కు పోయేదీ మనం వాడేదీ రెండూ లెక్కగట్టే నెట్ మీటరు పెట్టాలి. ఇవన్నీ మీకు నాకంటే బాగా తెలుసు. కోపంలో ఉన్నప్పుడు మరిచిపోయారంతే.

వద్దన్నవాళ్ళు కొన్నిసార్లు సరిగ్గానే వద్దంటారు. ఈ సంగతి అమ్మకాల శిక్షణలో ఎవరూ చెప్పరు. మీరు కాకినాడలో కాక కరీంనగర్‌లో ఇదే పని చేస్తున్నారనుకోండి. అక్కడ తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద, తెల్ల రేషన్ కార్డు ఉండి నెలకు 200 యూనిట్లలోపు వాడే ఇంటికి కరెంటు బిల్లు సున్నా. ఆ ఇంటికి వెళ్ళి ‘మీ బిల్లు ఆదా అవుతుంది’ అంటే ఏమంటారు? నవ్వి మంచినీళ్ళు ఇస్తారు. అక్కడ ‘వద్దు’ అన్నది సరైన సమాధానం, ఒప్పుకుని రావడమే మీ పని. మీ ఇంటి పెద్దవాళ్ళు అదే పరిస్థితిలో ఉంటే ఏం చెప్పేవారో అదే చెప్పండి. ఆ ఇంటివాళ్ళు తమ బంధువుల్లో నెలకు 400 యూనిట్లు కాల్చేవాళ్ళెవరో మీకు చెప్పే అవకాశం అప్పుడే ఉంటుంది.

మాస్టారికి ఏం రాయాలన్నది మీ అసలు ప్రశ్న. మీ కోపపు మాట ఆయన దగ్గర ఉంది కాబట్టి క్షమాపణతోనే మొదలుపెట్టాలి. కారణాలు చెప్పకండి. ‘ఆ రోజు టార్గెట్ ఒత్తిడిలో ఉన్నాను’ అని రాస్తే, క్షమించడంతో పాటు మీ కష్టాలు వినే పని కూడా ఆయన నెత్తిన పెట్టినట్టవుతుంది. నేనైతే ఇలా రాస్తాను:

‘మాస్టారూ, నమస్కారం. ఆ రాత్రి నేను పంపిన మాటలు తప్పు. క్షమించండి. మీ నిర్ణయం దాచకుండా చెప్పినందుకు కృతజ్ఞతలు. మీ కరెంటు బిల్లు, ఆధార్, బ్యాంకు చెక్కు కాపీలు నా దగ్గర ఉన్నాయి. శనివారం ఉదయం సామర్లకోటలో పని ఉంది, అప్పుడు ఇచ్చి వెళ్తాను. నా ఫోన్లో ఉన్న ఫొటోలు తీసేశాను. మేడ కొలతలు, నీడ పడే చోట్లు గీసిన కాగితం కూడా ఇస్తాను, అమర్చేవాళ్ళకు పనికొస్తుంది.’

ఇంతే. ‘భవిష్యత్తులో ఎప్పుడైనా’ అనే వాక్యం చేర్చాలని చేయి లాగుతుంది. చేర్చకండి. ‘ఎందుకు మమ్మల్ని కాదన్నారో చెబితే మెరుగుపడతాం’ అనీ రాయకండి. పైకి వినయంగా కనిపిస్తుంది కానీ, పెద్దాయన్ను బోనులో నిలబెట్టి సంజాయిషీ అడగడమే అది. మామూలు సందర్భాల్లో, అంటే మీరు ముందే నోరు జారకపోయి ఉంటే, ఒక్క ప్రశ్న అడగవచ్చు. అది కూడా ‘ఎందుకు’ అని కాక ‘ఎన్ని కిలోవాట్లు పెట్టించుకుంటున్నారు’ అన్నట్టు, ఒక్క ముక్కలో జవాబు చెప్పగలిగేదిగా ఉండాలి. ఈసారికి ఆ హక్కు మీరు పోగొట్టుకున్నారు.

కాపీల సంగతి చిన్నదిగా తీసుకోకండి. వద్దన్న తర్వాత కూడా తమ ఆధార్, బ్యాంకు చెక్కు ఎవరో కుర్రాడి ఫోన్లో ఉన్నాయన్న దిగులు ఈ రోజుల్లో పెద్దవాళ్ళకు ఎంతగా ఉందో మీ ఇంట్లోనే అడిగి చూడండి. అడక్కముందే తిరిగి ఇచ్చే అమ్మకందారును నేను ఇంతవరకు ఒకరినే చూశాను, ఆయన ఫోన్ నంబరు నా దగ్గర ఇప్పటికీ ఉంది.

నీడ పటం ఇవ్వడం మీ మేనేజరు గారికి నచ్చదు. మన శ్రమను అవతలివాళ్ళకు ధారపోయడమేమిటంటారు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది, అయినా ఇవ్వమనే చెబుతాను. ఎందుకంటే మీరు మొదట మేడ ఎక్కింది మే నెలలో. మే రెండోవారంలో మీ ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, మన నీడ మన కాళ్ళ కిందే పడుతుంది. డిసెంబరుకు దక్షిణం వైపు వాలిపోతాడు. అప్పుడు దక్షిణాన ఉన్న మెట్లగదో నీళ్ళ ట్యాంకో ఎంత ఎత్తుంటుందో, మధ్యాహ్నం పూటే దాదాపు అంత పొడవు నీడ ఉత్తరం వైపు పరుస్తుంది. వరుసగా కలిపిన ప్యానెళ్ళలో ఒక్కదాని మీద నీడ పడినా మిగతావాటి ఉత్పత్తి కూడా దెబ్బతినవచ్చు. మీ పటంలో డిసెంబరు నీడ గీసి ఉందా? లేకపోతే శనివారంలోపు గీయండి. ఆయన ఇంటి మీద ప్యానెళ్ళు ఎవరు పెట్టినా పాతికేళ్ళు అక్కడే ఉంటాయి. ఆ వీధిలో ‘సోలార్ పనికిరాదు’ అన్న పేరు వస్తే అది మీ కంపెనీకీ అంటుకుంటుంది. మేనేజరు గారికి ఈ ముక్క చెప్పి చూడండి. ధర్మం గురించి చెప్పినప్పటికంటే త్వరగా ఒప్పుకుంటారు.

రోజు విడిచి రోజు ఫోన్ చేయడం గురించి ఒక్క మాట. వద్దన్న మనిషికి మామూలు నంబరు నుంచి పదే పదే అమ్మకపు కాల్స్ చేస్తే ఆయన అక్కర్లేని అమ్మకపు కాల్స్ మీద ఫిర్యాదులు తీసుకునే 1909 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదులు పోగైతే కోత పడేది మేనేజరు గారి నంబరుకు కాదు, మీ నంబరుకు. ఆ సంగతి ఆయనకు మర్యాదగానే గుర్తు చేయండి.

మామూలుగా ఎవరైనా వద్దన్న రోజున మీరు చేయవలసినవి పెద్దగా లేవు. జవాబు ఆ రోజే ఇవ్వాలి, చీకటి పడితే మాత్రం పొద్దుటిదాకా ఆగాలి. రాత్రి రాసింది పొద్దున పంపితే సగం వాక్యాలు వాటంతట అవే రాలిపోతాయి. కృతజ్ఞత చెప్పాలి, తిరిగి ఇవ్వవలసినవి ఇవ్వాలి, ఆపైన నోరు కట్టుకోవాలి. ఆయన వాడిన మాటలు ఉన్నవి ఉన్నట్టు ఒక పుస్తకంలో రాసుకోండి, మీ వ్యాఖ్య చేర్చకుండా. ఒక యాభై పేజీలు నిండాక తిరగేస్తే, ‘ధర ఎక్కువ’ అన్నవాళ్ళలో ఎంతమందికి మీరు అవసరానికి మించిన కిలోవాట్లు చెప్పారో మీకే కనిపిస్తుంది. ‘ఇప్పుడు కుదరదు’ అన్నవాళ్ళకు మాత్రం వాళ్ళు చెప్పిన నెలలోనే ఒకసారి, ఒకేసారి, కబురు పెట్టండి. మాట్లాడుకున్నామని తేల్చి చెప్పినవాళ్ళకు అదీ వద్దు.

శనివారం వెళ్ళినప్పుడు గేటు దగ్గరే కవరు ఇచ్చి రండి. ఆయన లోపలికి రమ్మంటే వెళ్ళండి, కాఫీ ఇస్తే తాగండి. ఆయనంతట ఆయన అడిగితే తప్ప సోలార్ మాట ఎత్తకండి. మీ క్షమాపణకు ఆయన ఏమీ అనకపోవచ్చు, అసలు బయటికే రాకపోవచ్చు. కవరు అమ్మగారి చేతికి ఇచ్చి వచ్చేయండి.

పని పూర్తయ్యాక ఎప్పుడైనా ఆ వీధిలోంచి వెళ్తే తల ఎత్తి మేడ మీద ప్యానెళ్ళు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. 540 వాట్లవైతే, ఆరుంటే 3 కిలోవాట్లు, అప్పుడు నా అనుమానం తప్పు. నాలుగే ఉంటే, మీరు రేపు వెళ్ళబోయే ఇంటి కరెంటు బిల్లు బయటికి తీసి, 3 అని రాసిన కొటేషన్ మళ్ళీ ఒకసారి చూసుకోండి.